పొర తీశాక

ఆయన్ని అందరూ రసమట్టం అనేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కాని ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. రసమట్టమంటే మేస్త్రీల దగ్గర ఉండే పొడుగాటి పట్టీ. దాని మధ్యలో చిన్న గాజుగొట్టం, అందులో ఒక బుడగ. బుడగ సరిగ్గా నడుమ నిలబడిందంటే నేల మట్టంగా ఉన్నట్టు. టైల్స్ పరిచే మేస్త్రీ ఎవడైనా దాన్ని పదిసార్లు పెట్టి చూసుకోందే ముందుకు కదలడు. ఈయన మాత్రం గొంతుక్కూచుని, చెంప నేలకి తగిలేంతగా వంగి, ఎడమ కన్ను మూసి కుడికంటితో ఒక్క చూపు చూసేవాడు. "ఆ కిటికీ కింద నాలుగోది కాస్త లేచింది, దించండి" అనేవాడు. పట్టీ పెట్టి చూస్తే లేచే ఉండేది, వెంట్రుకవాసి.

ఆ చూపు చూసుకుని మనిషికి కాస్త పొగరు కూడా ఉండేది. లేదంటే అబద్ధమవుతుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల మొహాలు చూసేవాడు కాదు, నేల చూసేవాడు. ఒకసారి ఎవరో పోయారని పలకరించడానికి వెళ్ళి, ఏడుస్తున్న పెద్దమనిషి భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోండి, ఊరుకోండి... ఈ వరండా ఎవరు పరిచారండీ?" అని అడిగాడట. పక్కనున్న భార్య సిగ్గుతో చచ్చిపోయింది. ఇంటికొచ్చాక నాలుగు దులిపితే, "అది కాదే, గుమ్మం దగ్గర జాయింటు చూశావా ఎంత ఘోరంగా ఉందో" అన్నాడు. ఆవిడ నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకి కుడిభుజం భార్య తమ్ముడు. పద్దెనిమిదేళ్ళు ఇద్దరూ ఒకే చాప మీద మోకాళ్ళు ఆనించి పని చేశారు. బావ చూసేవాడు, బామ్మర్ది పరిచేవాడు. బామ్మర్ది చెయ్యి మహా నిదానం. రబ్బరు సుత్తితో టైలు మీద కొట్టే దెబ్బ, నిద్రపోతున్న పిల్లని జో కొట్టినట్టు ఉండేది. "నాకు చెయ్యి, నీకు కన్ను. ఇద్దరం కలిస్తేనే బావా ఒక మేస్త్రీ" అనేవాడు. "మరి నోరెవరిదిరా?" అంటే, "అది మా అక్కది. ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేస్తుంది" అనేవాడు. అక్క గరిటె చూపించి బెదిరించేది. వాళ్ళమ్మ కూతురి దగ్గరే ఉండేది కాబట్టి, పని అయిపోయాక బామ్మర్ది కూడా ఏదో ఒక వంకన ఆ ఇంట్లోనే తేలేవాడు. పెళ్ళి కాలేదు, తొందరా లేదు. ఆ నలుగురూ కూచుని ఒకళ్ళనొకళ్ళు ఆట పట్టించుకుంటుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో నవ్వు పోయింది ఒక పళ్ళ డాక్టరు కట్టించుకుంటున్న కొత్త ఆసుపత్రి వల్ల. ఆయన తప్పేమీ లేదు పాపం, నేల ఆయనది, అంతే. పెద్ద హాలు. బూడిదరంగు టైల్స్. మేస్త్రీ పైఅంతస్తులో బాత్రూముల పనిలో ఉండి హాలు బామ్మర్దికి వదిలేశాడు. రెండు రోజుల్లో ముప్పాతిక హాలు పూర్తయింది. మూడోరోజు పొద్దున్నే మేస్త్రీ కిందికి దిగాడు. అప్పటికే వడ్రంగులు, కరెంటువాళ్ళు, రంగులవాళ్ళు అందరూ పనిలోకి వచ్చి ఉన్నారు. ఎప్పటిలాగే గొంతుక్కూచున్నాడు, వంగాడు, ఎడమ కన్ను మూశాడు. చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇదేంట్రా?"

"ఏంటి బావా?"

"వరసకి మధ్యలో కడుపొచ్చింది. కనపడట్లేదా?"

బామ్మర్ది వేళాకోళం అనుకున్నాడు. "ఎన్నో నెల బావా?" అన్నాడు.

వడ్రంగులు గొల్లుమన్నారు. మామూలు రోజైతే మేస్త్రీ కూడా నవ్వేవాడే. కాని ఆయన కంటికి నిజంగానే హాలు నడుమ జాయింట్లన్నీ ఒక పక్కకి ఉబ్బి, గాలికి ఊగే తెరలా కనిపిస్తున్నాయి. అంత దరిద్రంగా పరిచి పైగా జోకులా అని ఒళ్ళు మండిపోయింది.

"నవ్వులాటగా ఉందా నీకు? కళ్ళకి పొరలు కమ్మాయా? చూసి పరిచావా, పడుకుని పరిచావా?"

బామ్మర్ది నవ్వు ఆపేశాడు. రెండు మేకులు తీసి ఈ గోడ దగ్గరొకటి ఆ గోడ దగ్గరొకటి దిగ్గొట్టి, జాయింటు వెంబడి దారం బిగించి లాగాడు. తీగలా మోగేంత బిగువుగా లాగాడు. "చూడు బావా. ఎక్కడుంది తేడా?"

మేస్త్రీ మళ్ళీ వంగాడు. "నాకు దారం చూపిస్తావా? నీ దారం కూడా వంకరగానే ఉందిరా!"

బిగించి లాగిన దారం వంకర పోవడమేమిటండీ? అక్కడున్న పదిమందిలో ఒక్కరైనా ఆ మాట దగ్గర ఆగి, ఇదేదో తేడాగా ఉందే అనుకోలేదు. కోపంలో నోటికొచ్చినట్టు అంటున్నాడనుకున్నారు. బామ్మర్ది ఒక్కడే దారం వదిలేసి బావ మొహంలోకి అదోలా చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆలోపల మేస్త్రీ ఇనప సుత్తి తీసుకుని నడిమి రెండు వరసలూ పగలగొట్టేశాడు. కొత్త టైల్స్, ఇంకా తడి ఆరని పని. పెంకులు లేచి గోడకి తగిలాయి. బామ్మర్ది చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

పట్టుదల మనిషి కదా, ఆ రెండు వరసలూ మేస్త్రీయే కూచుని మళ్ళీ పరిచాడు. కంటికి తిన్నగా కనిపించేదాకా సర్దాడు. సాయంత్రం పళ్ళ డాక్టరు వచ్చి చూసి, "ఏంటి మేస్త్రీ, ఇక్కడ పాము పాకినట్టుందేంటి?" అన్నాడు. చూడటం రాని మనిషి అని సరిపెట్టుకున్నాడు మేస్త్రీ. మర్నాడు అంచు చెక్కుతుంటే సిమెంటు బెడ్డ ఎగిరి కుడికంట్లో పడింది. చేత్తో ఆ కన్ను మూసుకుని ఎడమకంటితో నీళ్ళకోసం వెతుక్కుంటూ, ఎందుకో నేల వైపు చూశాడు. చూస్తే తను పరిచిన రెండు వరసలే పాముల్లా ఉన్నాయి. వాటికి అటూ ఇటూ బామ్మర్ది పరిచినవన్నీ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

కన్ను కడుక్కుని వచ్చాడు. ఎడమ కన్ను మూసి కుడికంటితో చూశాడు. కుడి మూసి ఎడమకంటితో చూశాడు. ఇలా ఎన్నిసార్లు చూశాడో, చూస్తూ చూస్తూ నేల మీద చతికిలబడ్డాడు. నేల బాగానే ఉంది, బామ్మర్ది చెయ్యీ బాగానే ఉంది. పాడైంది తన కన్ను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, కుడికంటికి జేబురుమాలు కట్టుకుని, తను పరిచింది తనే పీకి, రాత్రి పొద్దుపోయేదాకా కూచుని, బామ్మర్ది వరసల అంచు పట్టుకుని మళ్ళీ పరిచాడు. ఈసారి తిన్నగా వచ్చింది. ఎవరూ చూడలేదు. ఇంటికి వెళ్ళగానే భార్య ఎదురొచ్చింది. "తమ్ముడు నిన్న మొహం మాడ్చుకుని అమ్మని చూసి వెళ్ళిపోయాడు. ఇవాళ రానేలేదు. ఏం జరిగిందయ్యా?" అని అడిగింది. అప్పుడు చెప్పి ఉంటే పోయేది. తప్పు నాదేనే, కన్నేదో పాడైంది అని రెండు ముక్కలు. నోటిదాకా వచ్చాయట కూడా. తీరా నోరు తెరిస్తే వచ్చింది వేరే.

"నీ తమ్ముడికి పని మీద ధ్యాస లేదు. వంకర పరిచాడు. పగలగొట్టి మళ్ళీ పరిచి వచ్చాను."

ఎందుకలా అన్నాడంటే, తనకి తను చెప్పుకున్న సమాధానం ఒకటి ఉంది. కన్ను బాగు చేయించుకుంటాను, బాగయిన కంటితో వెళ్ళి ఆ నేల చూసి, ఒరేయ్ నువ్వే కరెక్టురా అని వాడి భుజం తడతాను. కళ్ళు కనపడనివాడిగా వెళ్ళి వాడి ముందు నిలబడను. రసమట్టంగానే వెళతాను. ఇదీ ఆయన లెక్క. మనిషి తనని తాను మోసం చేసుకోవాలంటే ఎంత ముచ్చటైన కారణాలు దొరుకుతాయో!

ఈలోగా ఊరుకోనిది లోకం. రసమట్టమంతటి వాడు సొంత బామ్మర్ది పని పగలగొట్టాడంటే అది ఎంత అధ్వాన్నంగా ఉండి ఉండాలి! వడ్రంగులు రంగులవాళ్ళకి చెప్పారు, రంగులవాళ్ళు మిగతా అందరికీ చెప్పారు. నెల తిరక్కుండా బామ్మర్దికి "వంకర" అని పేరు స్థిరపడిపోయింది. "ఎవరూ, ఆ వంకరా? వద్దులే" అనడం మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ళు నేల పరిచిన చెయ్యి కొళాయిలు బిగించే పనిలోకి వెళ్ళింది. అత్తగారు కొడుకుని పిలిపించి దులిపేసింది. "బావ నీకు పని నేర్పితే బావ పరువే తీశావు కదరా. వెళ్ళి తప్పయిందని చెప్పు." అతను అన్నీ విని, "సరేలేమ్మా" అని వెళ్ళిపోయాడు. చెప్పలేదు. రావడం మానేశాడు. "ఎంత పొగరో చూడు" అంది అక్క. ఆ మాటా మేస్త్రీ విన్నాడు. విని టీ తాగాడు.

చూపు ఈ మధ్యే తేడా చేసిందని భార్యకి చెప్పి, ఆవిడతో కలిసి కంటాసుపత్రికి వెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ ఆయన చేతికి ఒక గళ్ళ కాగితం ఇచ్చింది. నడుమ చుక్క, చుట్టూ చిన్న చిన్న చదరాలు. ఎడమ కన్ను మూసి చూడమంది. "ఎవరు పరిచారమ్మా ఇది? నడిమధ్య మొత్తం కుంగిపోయింది" అన్నాడు మేస్త్రీ. ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత ఓపిగ్గా చెప్పింది. కంటి లోపల వెనకవైపు తెర ఉంటుంది. దాన్ని రెటీనా అంటారు. దాని మీద ఒక సన్నటి పొర పెరిగి ముడుచుకుంది. పొరతో పాటు కింద తెర కూడా ముడతలు పడింది. అందుకే తిన్నటి గీతలు వంకరగా కనపడుతున్నాయి. ఆపరేషన్ చేసి ఆ పొర ఒలిచేస్తాం.

పొర అన్న మాట వినగానే మేస్త్రీకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట తను ఎవరిని అన్నాడో గుర్తొచ్చింది. భార్యకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "పొరేనా! ఇంకా ఏమిటో అనుకుని హడలిపోయాను. మా పక్కింటి డ్రైవరు గారికి తీశారమ్మా. మర్నాడే పేపరు చదివారు."

"అది శుక్లం అమ్మా. దాన్నీ పొరే అంటారు, కాని ఇది వేరు. ఇది తీసినా తెర మీద ముడతలన్నీ పోతాయని మాటివ్వలేను. చూపు మెల్లగా పెరుగుతుంది, నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. ఎంతో కొంత వంకర ఉండిపోవచ్చు కూడా."

అన్నీ చెప్పింది మహాతల్లి, ఏదీ దాచలేదు. కాని పొర అన్న మాట చెవిన పడ్డాక ఆ ఆలుమగలకి కళ్ళ ముందు కనపడింది పేపరు చదువుతున్న డ్రైవరు ఒక్కడే. మిగతాదంతా డాక్టర్లు అలా అంటూనే ఉంటారులే అన్న ఖాతాలో పోయింది.

ఆపరేషన్ రోజు ఆయన మెలకువగానే ఉన్నాడు. నొప్పి లేదు. కంట్లో నీడల్లాంటివి కదిలాయి, సన్నటి పట్టకారు ఒకటి ఏదో పట్టుకుని మెల్లగా లాగింది. "వచ్చేసింది" అంది డాక్టరమ్మ. ఆ మాటకి ఆయన గుండె ఎంత తేలికైందో! రేపు కట్టు విప్పగానే ముందు బామ్మర్ది దగ్గరికే వెళ్ళాలనుకున్నాడు. ఏమనాలో కూడా వరసగా అనుకున్నాడు. వాడు నవ్వుతాడు, ఎన్నో నెల బావా అంటాడు, ఇద్దరం కలిసి ఇంటికొస్తాం అనుకున్నాడు.

మర్నాడు కట్టు విప్పితే సబ్బునీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంది. ఇంటికి రాగానే పక్కింటి డ్రైవరు పేపరు పట్టుకుని తయారు. "ఏదీ, ఈ పెద్దక్షరాలు చదవండి చూద్దాం!" అన్నాడు, పరీక్ష పెట్టే పంతులులాగా. మేస్త్రీ కళ్ళు చికిలించాడు. పేపరు మీద నల్లటి మరకలు తప్ప ఏమీ లేవు. "అదేంటండీ, నాకైతే మర్నాడే..." అని మొదలుపెట్టబోతే, భార్య పేపరు లాక్కుని మడిచి అతని చేతిలో పెట్టేసింది. "మీది మీకు, మాది మాకు" అంది. మేస్త్రీ గది తలుపు వేసుకున్నాడు.

నెలకి అక్షరాల చార్టులో రెండో వరస చదివాడు, మూడు నెలలకి మూడోది. నేల మాత్రం ఇంకా వంకరగానే ఉంది, మునుపటంత ఉబ్బు లేదు, అంతే. "వచ్చేసారికి బాగుంటుంది" అనుకునేవాడు ప్రతిసారీ. భార్య ఉండబట్టలేక, "కన్ను సంగతి తర్వాత, ముందు వాణ్ణొకసారి పిలిచి కేకలేసైనా ఇంటికి తీసుకురావచ్చుగా" అంటే, "కన్ను బాగవ్వనీ" అనేవాడు. కంటికీ తమ్ముడికీ ఏమిటి సంబంధమో ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఎనిమిదో నెలలో అత్తగారికి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. కిటికీ పక్క మంచం. మేస్త్రీ స్టూలు మీద, భార్య మంచం మీద తల్లి కాళ్ళ దగ్గర. కబురందుకుని బామ్మర్ది పనిలోంచి అలాగే వచ్చాడు. చేతులకి ఇంకా పైపుల జిగురు ఉంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ముసలావిడ కొడుకుని చూసింది.

"బావకి చెప్పావురా?"

అతను వేళ్ళకంటిన జిగురు గిల్లుకున్నాడు.

"నేను పోయేలోపలైనా చెప్తావా? నలుగురిలో ఆయన్ని తలొంచుకునేలా చేశావు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాదా?"

బామ్మర్ది బావ వైపు చూశాడు. అడుగుతున్నట్టు కాదు, తిడుతున్నట్టూ కాదు, ఊరికే చూశాడు. చాలాసేపు చూశాడు. మేస్త్రీ తల దించుకుని నేల చూశాడు. ఆ నేల కుడికంటికి ఒకలా, ఎడమకంటికి ఒకలా ఉంది. ఇప్పుడే చెప్పేద్దామా? అత్తగారు ఇంత ఆయాసంలో ఉండగానా? ఇంకో నాలుగు నెలలుంటే ఏడాది పరీక్ష, అప్పటికి కన్ను తిన్నబడుతుంది, అప్పుడు అందర్నీ కూచోబెట్టి...

"తప్పయింది బావా" అన్నాడు బామ్మర్ది.

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇప్పుడు ఈయన వంతు. "సరేలే" అన్నాడు మేస్త్రీ.

సరేలే! తన తప్పుకి ఇంకొకడు చెప్పిన క్షమాపణ చేతులు చాచి పుచ్చుకున్నాడు. ఇంతకంటే నీచం ఉంటుందా? ఆయన్ని వెనకేసుకు రావడానికి నోట మాట రావడం లేదు. ముసలావిడ "ఇప్పటికైనా ఒప్పుకున్నాడు" అని కళ్ళు మూసుకుంది. నాలుగో రోజు పోయింది. అంతా అయ్యాక అక్క తమ్ముడితో అంది, "ఆ మాటేదో ముందే అని ఉంటే అమ్మ ఈ బెంగ పెట్టుకునేదే కాదు. నీ పంతమే ఆవిణ్ణి తినేసింది." అతను తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళ మధ్య ముక్తసరి పలకరింపులే మిగిలాయి.

ఏడాది పరీక్షకి చార్టులో నాలుగో వరస చదివాడు. గళ్ళ కాగితం మీద గుంట తగ్గింది, పోలేదు. రెండో ఏడు చూపు మళ్ళీ మసకేసింది. ఈసారి వచ్చింది శుక్లమే, అచ్చం డ్రైవరు గారికి వచ్చిందే. ఆ మొదటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి అది త్వరగా వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కూడా. అదీ తీయించుకున్నాడు. మర్నాడే పేపరు చదివాడు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. లోకమంతా కడిగి ఆరేసినట్టు తెల్లగా ఉంది. ఆ వెలుతురులో వంకర మునుపటికంటే శుభ్రంగా కనపడింది.

దానికి తోడు కుడికంటికి అన్నీ కాస్త పెద్దవిగా కనిపించేవి. రెండు కళ్ళూ తెరిస్తే పెద్దదీ చిన్నదీ ఒకదాని మీదొకటి పడి తల తిరిగేది. కుడికంటికి గుడ్డ కట్టుకుని ఎడమకంటితో పని చేసి చూశాడు. ముప్ఫై ఏళ్ళు కుడికంటి మాట విన్న చెయ్యి ఎడమకంటి మాట వినడానికి మొరాయించింది. ఒక స్నానాలగదికి నాలుగు రోజులు పట్టింది. పైగా కంటికి గుడ్డ కట్టుకున్న మేస్త్రీని చూసి ఇంటివాళ్ళే భయపడ్డారు. చివరికి ఒక టైల్స్ దుకాణంలో వచ్చినవాళ్ళకి నమూనాలు చూపించే పనిలో కుదిరాడు. ఒక్కొక్క టైలు విడిగా తీసి చేతిలో పెట్టడమే. జాయింటుతో పని లేదు కదా, అదీ సుఖం. "రసమట్టం" అని పిలిచేవాళ్ళు కూడా తగ్గిపోయారు. దుకాణంలో ఆయన "పెద్దాయన".

అయిదేళ్ళు నిండాయి. ఈసారి పరీక్షకి ఒక్కడే వెళ్ళాడు. చార్టులో ఆరో వరస గడగడా చదివేశాడు. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"చాలా మంచి ఫలితమండీ. పొర మళ్ళీ రాలేదు, వచ్చిన చూపు నిలబడింది. అందరికీ ఇంత బాగా రాదు."

"మంచిదే అమ్మా" అన్నాడు. "కాని నేను చార్టులు పరిచేవాణ్ణి కాదు కదా. ఈ వంకర ఎప్పటికి పోతుంది?"

ఆవిడ గళ్ళ కాగితం పక్కన పెట్టింది. "పోయేది మొదటి ఏడాది రెండేళ్ళలోనే పోతుంది. మిగిలింది ఇక ఇంతే. దీనితోనే అలవాటు పడాలి. ఇక ఏడాదికోసారి వస్తే చాలు."

అదీ సంగతి. వచ్చేసారికి, వచ్చేసారికి అని అయిదేళ్ళు ఆనుకుని నిలబడ్డ గోడ ఒక్క మాటతో లేకుండా పోయింది. ఇక ఆ కన్ను బాగయ్యే రోజు లేదు. బాగయ్యాక చేద్దామనుకున్న పని మాత్రం అలాగే ఉంది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళలేదు. బామ్మర్ది ఎక్కడ పని చేస్తున్నాడో కనుక్కుని వెళ్ళాడు. సగం కట్టిన ఇల్లు. వంటగదిలో నేల మీద కూచుని పైపు చివర తెల్లటి టేపు చుడుతున్నాడు. జుట్టు నెరిసింది. బావని చూసి కంగారుగా లేచాడు.

"నువ్వా! చూసి బావా, అక్కడ మెట్టుంది. ఇలా కూచో."

మేస్త్రీ కూచోలేదు. కూచుంటే మళ్ళీ వాయిదా పడుతుందని భయం. "ఒరేయ్, ఆ పళ్ళ డాక్టరు గారి నేల తిన్నగానే పరిచావురా. వంకర నా కంట్లో ఉంది."

"తెలుసు బావా."

"తెలుసా? ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. బిగించిన దారం వంకరన్నావు కదా. నీ కంటికేదో అయిందని అర్థమైంది. అంతమందిలో ఆ మాట అంటే నీకు పని ఎవరిస్తారు? అందుకే వచ్చేశా."

మేస్త్రీ గోడ పట్టుకున్నాడు. "మరి అమ్మ దగ్గర తప్పయిందని ఎందుకన్నావురా?"

బామ్మర్ది మళ్ళీ పైపు అందుకుని టేపు చుట్టసాగాడు. "నువ్వంటావేమోనని చూశా బావా. చాలాసేపు చూశా. నువ్వు అనలేదు. ఎవరో ఒకరు అనాలి కదా, అమ్మ ఎదురుచూస్తోంది."

మేస్త్రీకి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. బామ్మర్ది మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు. తాగేదాకా పక్కన నిలబడ్డాడు. తర్వాత అడిగాడు.

"అక్కకి చెప్పావా?"

"లేదు."

"నాకు చెప్పక్కర్లేదులే బావా. అక్కకి చెప్పు."

ఇల్లు చేరేసరికి ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. "ఏమన్నారు? ఎన్నో వరస చదివావు?" అని అడిగింది. ఆయన మంచం అంచున కూచుని మొత్తం చెప్పాడు. పళ్ళ డాక్టరు హాలు, కంట్లో పడ్డ బెడ్డ, జేబురుమాలు, అన్నీ. ఒక్కటి కూడా వదల్లేదు. ఆవిడ చొక్కా మడతపెడుతూనే వింది. అరవలేదు. అరుస్తుందనే ఆయన అనుకున్నాడు, అరిస్తే బాగుండుననీ అనుకున్నాడు. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"అమ్మ మంచం దగ్గర వాడు తప్పయిందన్నప్పుడు, నీకు అప్పటికే తెలుసా?"

"తెలుసు."

ఆవిడ చొక్కా మంచం మీద పెట్టింది. తలుపు పక్కనున్న చెప్పులు వేసుకుంది. తమ్ముడింటికని ఆయనకి అర్థమై, తనూ లేచాడు.

"నువ్వు రాకు" అంది.

ఆయన మళ్ళీ కూచున్నాడు.